గురువుకు మైల

మా అత్తకు అనుమానం ఎక్కువ అని నేనంటే మా వాడకట్టు ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎక్కువ అంటే సరిపోతుందా అని. ప్యాకెట్ పాలు కొత్తగా వచ్చినప్పుడు గిన్నెలో పోసి, వేలు ముంచి, వాసన చూసి, "గివి బర్రె పాలు గావు, మిషన్ పాలు" అని పిల్లి ముందు పెట్టింది. పిల్లి గతికింది. "పిల్లికేం తెలుస్తది" అంది. నీళ్ళ డబ్బాలు అమ్మేవాడు ఏ నల్లా కింద నింపుతున్నాడో కళ్ళారా చూసి వస్తానని వాడి ఆటో వెనక బయల్దేరి, మోకాళ్ళ నొప్పితో సగం దారిలో తిరిగొచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని జీపులకు మైకులు కట్టుకొని వచ్చేవాళ్ళు మా సందు మొగదల ఆగితే, ఒళ్ళోని బీడీల చాట దించకుండానే, "మొన్న గూడ గిట్లనే అరిసిండ్రు. అరిసి పట్నం పోయి కుర్చీలల్ల కూసున్నరు" అనేది. ఆమె మొన్న అంటే అరవై తొమ్మిది.

వినడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. ఆ అనుమానం నా మీదికి తిరిగేదాకా నేనూ నవ్వినదాన్నే.

మెదక్‌లో మా ఇల్లు కోటగుట్ట కింద సందులో ఉండేది. ముందర అరుగు, రెండు గదులు, వెనక వాకిట్లో ఒక రేకుల గది. మా ఆయన కేబుల్ టీవీ నడిపేవాడు కాబట్టి ఆ రేకుల గదిలో వైరు చుట్టలు, పాడైపోయిన డబ్బాలు పడి ఉండేవి. పిల్ల పుట్టిన పది నెలలకు నాకు టీబీ వచ్చింది. అప్పుడు ఆ వైరు చుట్టలు ముందు గదిలోకి వచ్చాయి, నేను రేకుల గదిలోకి వెళ్ళాను. ఇది నా పళ్ళెం, ఇది నా చెంబు, వెనక గుమ్మం దాకా నా హద్దు. పాలు మరిచిన పిల్లను మా అత్త తన పక్కలో వేసుకుంది. రోగం వచ్చింది, పసిపిల్ల ఉంది, దూరం ఉండాలంటే ఉండాలి కదా అనుకున్నాను.

మాత్రల కోర్సు మొత్తం మింగాను. మా వాడ అంగన్‌వాడీ టీచర్ ఎదురుగా, ఆమె చూస్తుండగా మింగాలి. కడుపులో తిప్పినా, మూత్రం ఎర్రగా వచ్చినా, ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు. ఆఖరికి పెద్ద దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, "తగ్గిపోయిందమ్మా, ఇక నీ నుంచి ఎవరికీ రాదు. పో, పిల్లను ఎత్తుకో" అంది. దవాఖాన నుంచి ఇంటికి నడిచి వచ్చానో ఉరికి వచ్చానో నాకే తెలియదు. వచ్చేసరికి మా అత్త అరుగు మీద బీడీలు చుడుతోంది, పిల్ల ఆమె వీపు మీద వాలి ఆడుకుంటోంది. నేను చేతులు చాచాను. అత్త చాట పక్కన పెట్టి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"జర ఆగు" అంది.

"తగ్గిందన్నది మేడం."

"ఆమె అంటది. ఆమె బిడ్డనా ఏంది?"

"మరి ఎన్నాళ్ళు ఆగాలె?"

"చూద్దాం."

ఆ చూద్దాం ఎండాకాలం దాటింది, వానాకాలం సగం దాటింది. పిల్లకు మాటలొచ్చాయి. మా అత్తను అమ్మ అని పిలిచేది. నేను వెనక గుమ్మంలో కనిపిస్తే "బూచి" అని నవ్వి, పరుగెత్తి పోయేది. ఎవరు నేర్పారో నాకు తెలుసు. వాకిట్లో గిన్నెలు తోముతూ ఆ మాట వింటుంటే నా కడుపు ఎట్లా మండేదో ఎవరికి చెప్పను? నా పిల్ల నా ఒళ్ళో కూర్చోవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. పొద్దున లేచింది మొదలు నా బుర్రలో అదొక్కటే.

అనుమానం అంటు లాంటిదని నాకు అప్పుడే తెలిసింది. ఆమె నన్ను అనుమానిస్తుంటే నేను ఆమెను అనుమానించడం మొదలుపెట్టాను. మా అత్తకు ఆడపిల్లలు లేరు. నా పిల్లను తన పిల్లగా చేసుకుందామని చూస్తోందా? చేగుంట నుంచి ఒక చుట్టం రెండుసార్లు వచ్చి అరుగు మీద గుసగుసలాడి పోయింది. ఆమెకు పెళ్ళి కాని చెల్లెలుంది. మా ఆయన ఆ రెండుసార్లూ ఇంట్లోనే ఉన్నాడు, నేను అడిగితే "ఏం లేదు, బియ్యం సంగతి" అన్నాడు. బియ్యం సంగతికి గుసగుసలెందుకు?

మా ఆయన మంచివాడే. అదే తంటా. తల్లి చెప్పినా తలూపుతాడు, నేను చెప్పినా తలూపుతాడు. స్తంభం ఎక్కమంటే భయం లేదు, తల్లి ముందు నోరు విప్పమంటే మాత్రం చెమటలు.

నాకు మిగిలిన ఆశ పుట్టు వెంట్రుకలు. ఏడుపాయల అమ్మవారికి ఎప్పటినుంచో మొక్కు ఉంది. మా దిక్కు పిల్లను తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, మేనమామ చేత మొదటి కత్తెర వేయించి, ఆ తరువాతే మంగలికి అప్పజెప్తారు. తల్లి బతికి ఉండగా వేరేవాళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టడం మా ఇళ్ళల్లో లేదు. మా అత్త ఎంత మొండిదైనా అమ్మవారి ముందు పద్ధతి తప్పదు. అయ్యగారు పిల్ల జాతకం చూసి, గురుబలం బాగుందని పెత్తరమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, వెళ్ళిన మర్నాడు ముహూర్తం పెట్టాడు. నిజాంపేటలో మా తమ్ముడికి కబురు పంపాను. పాపన్నపేట మీదుగా పోయే ఆటో కూడా మాట్లాడుకున్నాం. ఆ ఒక్కసారి నా ఒళ్ళో కూర్చుంటే చాలు, మళ్ళీ దించేది లేదని నేను లోలోపల నిశ్చయించుకున్నాను. అది కూడా మా అత్త పసిగట్టిందేమోనని నా అనుమానం.

అట్లా ఉండగా ఒకరోజు పొద్దున మా ఆయన అరుగు మీద కూర్చుని పేపర్ చదువుతూ, "అరే, గిదేందిరా భై" అన్నాడు. నేను వెనక గుమ్మంలో నిలబడి చాయ్ తాగుతున్నాను. అత్త బీడీలకు దారం చుడుతోంది.

ఎక్కడో పరాయి దేశంవాళ్ళు ఎన్నో ఏళ్ళ కింద ఒక మిషన్ను పైకి పంపారట. మనిషి లేని మిషన్. అది పోయి పోయి గురు గ్రహం చుట్టూ తిరుగుతూ ఫొటోలు పంపుతోందట. ఈ ఆదివారం రాత్రి దాన్ని కావాలని ఆ గురు గ్రహంలోనే పడగొట్టి, కాలిపోయేటట్టు చేస్తున్నారట. మా ఆయనకు ఇటువంటివంటే ప్రాణం. అందులోనూ డిష్‌ల సంగతి వస్తే ఇక చెప్పక్కర్లేదు.

"దాని పెద్ద యాంటెన్నా మొదట్లనే తెరుసుకోలేదంట. గొడుగు ఇరుక్కున్నట్టు ఇరుక్కున్నదంట. చిన్న యాంటెన్నాతోనే ఇన్నేండ్లు నెట్టుకొచ్చింది. మన డిష్ జర గాలికి కదిలితేనే జనం ఫోన్ల మీద ఫోన్లు జేస్తరు."

"మంచిగ పనిచేస్తుంటె ఎందుకు పడగొట్టుడు?" అన్నాను నేను గుమ్మంలోంచి.

"పెట్రోల్ అయిపోవట్టిందంట. ఊకె వదిలేస్తే ఎటుపోయి ఎటు పడతదో తెల్వది. గురువు చుట్టు చందమామలు మస్తున్నయి. అండ్ల ఒకదాని మీద మంచు, మంచు కింద నీళ్ళు ఉన్నయంట. నీళ్ళున్నకాడ ఏదన్న పురుగో పుట్రో బతికుండొచ్చు. మన మిషన్ పోయి దాని మీద పడితే, దీనికి అంటుకున్న మన భూమి మీది క్రిములు గా నీళ్ళల్ల కలుస్తయని భయం."

మా అత్త దారం తెంపడం ఆపింది. "పంపేటప్పుడు కడిగి పంపొద్దా?"

"కడిగిండ్రో లేదో. కడిగినా మొత్తం పోతయన్న నమ్మకం లేదంట."

"సూసినవా మరి!" అని అత్త నా వైపు తిరిగింది. పేపర్లో తన పేరు పడినంత సంబరం ఆమె మొహంలో. "గంత సదువుకున్నోళ్ళు. గన్ని పైసలు పెట్టి చేసుకున్న మిషను. అయినా అనుమానం ఉందని కాలబెట్టుకుంటుండ్రు. నేనంటే నన్ను రాక్షసి అంటవు."

"నన్ను గూడ కాలబెట్టు మరి" అన్నాను. అనేసి చాయ్ గ్లాసు అక్కడే పెట్టి వెనక్కి వచ్చేశాను. ఎక్కడో గురు గ్రహం దగ్గర తిరిగే ఇనుపముక్కకు కూడా నా మీదే పగ ఉన్నట్టుంది అనిపించింది.

కానీ అసలు దెబ్బ సాయంత్రం పడింది. అత్త రోజంతా ఆలోచించి ఒక లెక్క తేల్చింది. మా ఆయన అన్నం తింటుంటే నేను కూడా వినేటట్టు గట్టిగా చెప్పింది.

"పెత్తరమాస తెల్లారి వెంట్రుకలు తీసుడు కుదరదు."

"ఎందుకే అమ్మా?"

"గురువుకు మైల."

మా ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఏంది?"

"గా మిషన్ పెత్తరమాసకు ముందుగాల్నే సస్తుంది గదా. గన్నేండ్లు ఆయన చుట్టే తిరిగింది, ఆయన ఇంటి మనిషి కిందనే లెక్క. ఆయన ఇంట్లనే పానం పోతుంది. సావు సావే. మనిషైతేంది, మిషనైతేంది? పదకొండొద్దులు మైల ఉంటది. గురువును నమ్ముకొని పెట్టిన ముహూర్తం, గురువే మైలల ఉంటె పిల్లకు మంచిగైతదా?"

ఇటువంటి మాట విని నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. నేను ఆ రెండూ చేయలేదు, గట్టిగా అరిచాను. "మిషన్‌కు సావేంది? సావుంటే దినాలు ఎవరు జేస్తరు? పిండం ఎవరు పెడతరు? గురువు ఏ ఏట్ల తానం జేస్తడు?"

"నోరు ముయ్యవే. దేవునితోని ఎకసెక్కాలా?"

"దేవునితోని కాదు, నీతోనే. పిల్ల నా ఒళ్ళె కూసుంటదని నీ భయం. మిషన్ పేరు చెప్తున్నవు."

అత్త అటు తిరిగి పిల్ల నోట్లో అన్నం ముద్ద పెట్టింది. జవాబు చెప్పకపోవడమే నా మాట నిజమనడానికి రుజువని నేను అనుకున్నాను. మా ఆయన తలూపాడు. ఎవరి వైపు ఊపాడో నాకు తెలియలేదు.

మర్నాడు నేనే అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెవిలో వేలు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. శాస్త్రంలో యంత్రానికి మైల లేదు అని ఒక్కమాట అంటే నా పని అయిపోతుంది. ఆయన ఏమన్నాడంటే, "లేదనే అనుకుంటున్నానమ్మా. కానీ ఇంతకు ముందు ఎప్పుడూ గురువులో ఏదీ పడలేదు గదా. ఇంట్ల పెద్దామెకు అనుమానం ఉన్నప్పుడు ఒక మాసం ఆగితే పాయె." వామ్మో, అయ్యగారు కూడానా! మా అత్త నాకన్నా ముందే వచ్చి పోయిందని నాకు అర్థమైంది. ముహూర్తం వాయిదా పడ్డట్టే. గుడి మెట్లు దిగుతూ ఆయనను కూడా తిట్టుకున్నాను.

ఆ మిషన్ రాత్రి పడిందట. తెల్లవారి వార్తల్లో చూపించారు. మా ఆయన మా సందుకంతా వినబడేటంత గట్టిగా టీవీ పెట్టాడు. పెద్ద గదిలో కంప్యూటర్ల ముందు తెల్లవాళ్ళు కూర్చున్నారు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆఖరి నిమిషం దాకా అది సమాచారం పంపుతూనే ఉందని, ఆ తరువాత సిగ్నల్ పోయిందని చెప్పారు. అందరూ లేచి చప్పట్లు కొట్టి ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు.

"పడ్డట్టు ఎవరు జూసిండ్రు?" అంది అత్త. "అంత టీవీల బొమ్మ."

నాకు మాత్రం ఆ చప్పట్లు చూస్తే ఒళ్ళు మండింది. "సచ్చేదాక పని జేపిచ్చుకున్నరు, సచ్చినంక చప్పట్లు కొడుతుండ్రు. దాని మీద క్రిములున్నయని ఎవరన్న పరీక్ష జేసిండ్రా?"

"ఎట్ల జేస్తరే?" అన్నాడు మా ఆయన. "గంత దూరం ఉన్నదాన్ని వెనక్కి తెచ్చుడు అయితదా? ఉన్నయో లేవో ఎవరికి తెల్వది. అనుమానం ఉంటే సాలు గదా."

అనుమానం ఉంటే చాలు. ఆ మాట అతను ఆ మిషన్ గురించే అన్నాడు, నాకు తెలుసు. కానీ ఇన్నాళ్ళూ నా బతుకును నడిపిన మాట అదే. నేను గుమ్మం దాటి లోపలికి వచ్చాను. పిల్ల "బూచి" అని కేకపెట్టి అత్త వెనక దాక్కుంది. అత్త లేచి నిలబడింది.

"ఆడనే ఆగు!"

"ఆగను. గా మిషన్ను వెనక్కి తెచ్చి చూసే తొవ్వ లేదు, అందుకని కాలబెట్టిండ్రు. నేను యాడికో పోలే. నీ వాకిట్లనే ఉన్న, నీ గిన్నెలు తోముకుంటనే ఉన్న. నడువు దవాఖానకు. నీ కండ్ల ముందట మళ్ళ పరీక్ష చేయించుకుంట. ఉన్నదని తేలితే నేను నిజాంపేట పోత, నీకు మొహం చూపియ్య. లేదని తేలితే నా బిడ్డను నాకిస్తవా, ఇయ్యవా?"

టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. మా ఆయన మొదటిసారి తల ఊపకుండా నోరు తెరిచాడు. "అడిగింది న్యాయమే గదా అమ్మా" అన్నాడు.

అత్త కొంగు బొడ్లో దోపుకుంది. "పా. కానీ డబ్బాల నువ్వు తెమడ ఊంచేది నేను చూడాలె. వేరేదాని డబ్బా పెట్టి నీ పేరు రాపిస్తె నాకేం తెలుస్తది?"

మర్నాడు దవాఖానకు పోయాం. పిల్లను ఎవరి దగ్గరా వదిలే నమ్మకం లేదు కాబట్టి అత్త చంకనెత్తుకుని వచ్చింది. డాక్టరమ్మ మేము చెప్పింది విని నవ్వుకుని, సరే తెమడ పరీక్ష మళ్ళీ చేద్దాం అని ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. ఇక్కడ వచ్చింది చిక్కు. రోగం తగ్గిన మనిషికి తెమడ ఎక్కడి నుంచి వస్తుంది? వరండా చివర నిలబడి దగ్గాను. ఏమీ రాలేదు. మళ్ళీ దగ్గాను. ఉమ్మి వచ్చింది, అది పనికిరాదన్నారు. గొంతు గీరుకుపోయి కళ్ళ నీళ్ళు వచ్చాయి.

"దొంగ దగ్గు దగ్గుతున్నవు" అంది అత్త దగ్గరికి వచ్చి. "లోపటికెళ్ళి తియ్యి. గిట్ల." అని దగ్గి చూపించింది. మొదలుపెట్టిన దగ్గు ఆగలేదు. పిల్లను కింద దింపి, స్తంభం పట్టుకుని, వంగి దగ్గింది. ఆమెకది రోజూ ఉన్నదే. మా వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్ళందరికీ ఉన్నదే. పొద్దున్నే సందులో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దగ్గులు వినబడేవి, ఎవరూ తల తిప్పి చూసేవాళ్ళు కాదు. పొగాకు పొడి గొంతులో పడుతుంది, దగ్గు వస్తుంది. అంతే అనుకునేవాళ్ళం.

డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. "ఎవరు దగ్గేది?"

"నేనే అమ్మా. బీడీ దగ్గు."

"ఎప్పటినుంచి?"

"బీడీలు చుట్టినప్పటి సంది."

డాక్టరమ్మ ఇంకో డబ్బా తెచ్చి అత్త చేతికిచ్చింది. అత్త దాన్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ప్యాకెట్ పాలను కూడా అట్లా చూడలేదు. "నాకెందుకు? పరీక్షకొచ్చింది గామె" అంది. నాకు అప్పుడు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. "ఇయ్యి అత్తమ్మా. నేను ఊంచేది నువ్వు చూసినవు గద, నువ్వు ఊంచేది నేను గూడ చూస్త" అన్నాను. మా ఇద్దరి డబ్బాల మీద పేర్లు రాసేటప్పుడు అత్త కౌంటర్ మీదికి వంగి మరీ చూసింది, అక్షరాలు రాకపోయినా. మర్నాడు పొద్దున్నే లేచి ఇంకో డబ్బా ఇవ్వాలి, అదీ ఇచ్చాం. శుక్రవారం రమ్మన్నారు.

మధ్యలో గురువారం పెత్తరమాస వచ్చింది. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. సందు మొగదల ఆడవాళ్ళందరూ బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతున్నారు. తంగేడు, గునుగు, బంతిపూలతో మా అత్త పేర్చిన బతుకమ్మ అన్నిటికన్నా ఎత్తుగా ఉంది. నన్ను ముట్టనివ్వలేదు, నేను మా ఇంటి గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. అత్త పిల్లను చంకనెత్తుకుని, చప్పట్లు కొట్టలేక పిల్ల చేతినే పట్టుకుని ఆడిస్తూ తిరుగుతోంది. రెండో చుట్టులో దగ్గు వచ్చింది. పాట ఆగింది. "బీడీ దగ్గు, నీళ్ళు తాగు అక్కా" అన్నారెవరో. నీళ్ళు తాగి మళ్ళీ తిరిగింది, మళ్ళీ దగ్గు. ఆమె మొహానికీ పిల్ల మొహానికీ మధ్య జానెడు కూడా సందు లేదు.

ఆ దగ్గును నేను కాపురానికి వచ్చినప్పటినుంచి వింటున్నాను. కానీ నిజంగా విన్నది ఆ సాయంత్రమే. నా సొంత దగ్గు నాకు గుర్తొచ్చింది. ఆ లోతు, ఆ చివర్న వచ్చే ఈల లాంటి శబ్దం. అప్పటిదాకా నా పంతం, నా గెలుపు, ఆమె ఓటమి అని లెక్కలు వేసుకుంటున్నదాన్ని, ఒక్కసారిగా చల్లబడిపోయాను. పిల్ల ఎవరి పక్కలో పడుకుంటోంది? ఏడాదికి పైగా ఎవరి నోటి ముందు నిద్రపోతోంది? గేటు తీసుకుని పోయి పిల్లను లాక్కోవాలనిపించింది. పోయాను కూడా, నాలుగడుగులు. ఆడవాళ్ళు నా వైపు తిరిగి చూశారు. అత్త పిల్లను గట్టిగా హత్తుకుని, ఇంకా దగ్గరికి తీసుకుంది. నేను ముందుకు పోయినకొద్దీ ఆమె పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుంటుందని తెలిసి, వెనక్కి వచ్చేశాను. అంత భయం నాకు రోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

శుక్రవారం దవాఖానలో మా వంతు వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. డాక్టరమ్మ ముందు బెంచీ మీద అత్త, ఆమె ఒళ్ళో పిల్ల. నేను నిలబడ్డాను.

"ముందుగాల దీనిది చెప్పుండ్రి" అంది అత్త.

"ఈమెకు ఏమీ లేదు. అప్పుడే చెప్పాను కదా, పూర్తిగా తగ్గింది."

ఆ మాట కోసం ఎన్ని నెలలు ఎదురుచూశాను! అది వచ్చింది. కానీ నాకు చెవిలో పడ్డట్టే లేదు. నేను డాక్టరమ్మ చేతిలోని రెండో కాగితం వైపే చూస్తున్నాను.

"పెద్దమ్మా, నీకుంది" అంది డాక్టరమ్మ మెల్లగా.

"ఏముంది?"

"టీబీ."

"బీడీ దగ్గమ్మా అది."

"బీడీ దగ్గూ ఉండొచ్చు. ఇదీ ఉంది."

అత్త నవ్వబోయింది. పొరపాటు డబ్బా అయి ఉంటుందని అనబోయిందేమో. కానీ ఆమె ముందే వంగి చూసిన డబ్బా అది. పిల్ల ఆమె చేతి గాజులను ఒక్కొక్కటే పైకి జరుపుతూ ఆడుకుంటోంది. డాక్టరమ్మ పిల్ల ఎక్కడ పడుకుంటుందని అడిగింది. నేను అత్త వైపు చూశాను. చెప్పక్కర్లేకపోయింది.

అత్త నా వైపు వేలు చూపించి, "నా నుంచే దీనికొచ్చిందా?" అంది.

"అది ఎవరమూ చెప్పలేమమ్మా."

చెప్పలేమంటే అర్థం ఏమిటో అత్తకు తెలుసు, నాకూ తెలుసు. నేను కొత్తకోడలిగా ఆ ఇంటి గడపలో నిలబడ్డ రోజు ఆమె హారతి పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. దగ్గు వచ్చి పళ్ళెం పక్కవాళ్ళ చేతికిచ్చి, దగ్గు తగ్గాక వచ్చి నా బుగ్గలు రెండు చేతులతో నిమిరి మెటికలు విరిచింది. ఆ సంగతి ఆమెకు గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు. నాకైతే గుర్తొచ్చింది, ఆమె మీద కోపం రావాలి, రాలేదు.

పిల్లకు ఛాతీ ఎక్స్‌రే ఫిల్మ్ తీశారు. అది తడి ఆరేదాకా మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఏమీ లేదన్నారు. ముందు జాగ్రత్తకు చిన్న మాత్రలు రాశారు. అత్తకు నేను మింగిన మాత్రలే. డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి, భయపడకు, మందు మొదలుపెడితే కొద్ది వారాల్లో నీ నుంచి ఎవరికీ రాదు, అప్పటిదాకా పిల్లను పక్కలో పడుకోబెట్టుకోకు, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకో, అంతే, ఇల్లు విడిచి పోవాల్సిన పని లేదు అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. అత్త అన్నిటికీ తలూపింది. మా ఆయనకు ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

వరండాలోకి రాగానే ఆమె నిలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం కట్టుకుంది. పిల్ల ఆమె రవికను పిడికిలితో పట్టుకుని ఉంది. ఆ పిడికిలిని వేలు తరువాత వేలు విడిపించి, పిల్లను నా చేతుల్లో పెట్టింది.

"ఇగో. పట్టుకో."

నేను పట్టుకున్నాను. నేను అనుకున్నదానికన్నా ఎంత బరువో! నా చేతుల్లో పది నెలల పిల్ల బరువే ఉండిపోయింది. పిల్ల ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, అర్థమై, ఊరంతా వినబడేటట్టు ఏడుపు అందుకుంది. "అమ్మా, అమ్మా" అని అత్త వైపు ఎగబడింది. నా మెడ గీరింది. నా చెయ్యి కొరికింది.

"గట్టిగ పట్టుకోవే" అంది అత్త. "నా దిక్కు చూడనియ్యకు." అని గేటు వైపు నడవడం మొదలుపెట్టింది. ఇంటికి పోయే గేటు కాదు, బస్టాండు వైపు గేటు. ఆమె పుట్టిల్లు పాపన్నపేట దాటి, మంజీర ఒడ్డున. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు.

"అత్తమ్మా, యాడికి? ఆగు! కొద్ది దినాలే అన్నది గద మేడం. తర్వాత ఏం కాదన్నది గద!"

ఆమె ఆగింది కానీ వెనక్కి తిరగలేదు.

"నీకు గూడ గట్లనే అన్నది గద, బిడ్డా" అంది. "నేను నమ్మిన్నా?"

పిల్ల నా భుజం మీదుగా ఆమె వైపు రెండు చేతులూ చాచి ఏడుస్తూనే ఉంది. నేను పిల్లను గట్టిగా పట్టుకుని ఆమె వెనక పరుగెత్తాను.